విండోస్ ఇన్‌స్టాలర్ ప్యాకేజీలో కస్టమ్ యాక్షన్ ద్వారా ప్రాపర్టీలకు విలువ ఇవ్వడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంఎస్ఐ ప్యాకేజీలు (విండోస్‌లో సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లు) తయారుచేసే పనిలో కొత్తగా చేరినవారు, అందుకు ఇన్‌స్టాల్‌షీల్డ్ అనే సాధనం వాడినా విక్స్ అనే సాధనం వాడినా, తొలి నెలల్లోనే ఒక చిక్కులో పడతారు. ప్రాపర్టీకి విలువ ఇచ్చామనే అనుకుంటారు. తీరా కాన్ఫిగ్ ఫైలు తెరిచి చూస్తే అక్కడ ఖాళీ కనిపిస్తుంది, లేదా డైలాగ్‌లో నిక్షేపంగా ఉన్న విలువ ఫైళ్లు కాపీ అయ్యే వేళకు లేకుండా పోతుంది. నేను చూసిన ఇటువంటి కేసుల్లో విలువను తప్పుగా రాసినవి తక్కువ. సరైన విలువనే తప్పు సమయంలో, తప్పు ప్రాసెస్‌లో ఇచ్చినవి ఎక్కువ. అందుకే కింది జవాబుల్లో ‘ఏ విలువ’ అన్నదానికంటే ‘ఎప్పుడు, ఎక్కడ’ అన్నదానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రాపర్టీ అంటే ఏమిటి? పబ్లిక్, ప్రైవేట్ అనే తేడా ఎందుకు?

ఎంఎస్ఐ ఫైలు నిజానికి టేబుళ్లతో కూడిన ఒక డేటాబేస్. ఇన్‌స్టలేషన్ నడుస్తున్నంతసేపు విండోస్ ఇన్‌స్టాలర్ గుర్తుపెట్టుకునే పేరు, విలువల జతను ప్రాపర్టీ అంటాము. పైకి సంఖ్యలా కనిపించినా విలువ ఎప్పుడూ టెక్స్ట్‌గానే ఉంటుంది. పేరులోని అక్షరాలన్నీ క్యాపిటల్ అయితే అది పబ్లిక్ ప్రాపర్టీ; ఒక్క స్మాల్ అక్షరం ఉన్నా ప్రైవేట్ ప్రాపర్టీ. (తెలుగు లిపిలో ఈ తేడా కనిపించదు కనుక అవసరమైన చోట విడిగా చెబుతాను.) పబ్లిక్ ప్రాపర్టీకి కమాండ్ లైన్ నుంచి విలువ ఇవ్వవచ్చు, అది యూజర్ వైపు ప్రాసెస్ నుంచి సర్వీస్ వైపు ప్రాసెస్‌కు దాటగలదు. ప్రైవేట్ ప్రాపర్టీకి ఈ రెండూ వీలుకావు.

ఖాళీ విలువ గల ప్రాపర్టీ అంటూ ఏదీ ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఖాళీ విలువ ఇస్తే ఆ ప్రాపర్టీని తొలగించినట్టే.

విలువను ప్రాపర్టీ టేబుల్‌లోనే రాయవచ్చు కదా, కస్టమ్ యాక్షన్ అవసరం ఏమిటి?

విలువ మారనిదైతే అక్కడే రాయాలి. పోర్ట్ నంబరు డిఫాల్ట్‌గా 8080 ఉండాలంటే ప్రాపర్టీ టేబుల్‌లో ఒక వరుస చాలు. అయితే ఆ టేబుల్‌లో రాసినదాన్ని ఇన్‌స్టాలర్ అక్షరం పొల్లుపోకుండా అలాగే తీసుకుంటుంది. విలువలో మరో ప్రాపర్టీ పేరును స్క్వేర్ బ్రాకెట్లలో పెడితే, దాని అసలు విలువకు బదులు ఆ బ్రాకెట్లు, ఆ పేరు యథాతథంగా మిగులుతాయి. ప్రోగ్రామ్‌ఫైల్స్‌ఫోల్డర్ పేరును బ్రాకెట్లలో రాసి, పక్కన కంపెనీ పేరు చేర్చి, అది పూర్తి పాత్‌గా మారుతుందని ఆశించడం చాలామంది చేసే మొదటి పొరపాటు.

ఒక ప్రాపర్టీ విలువ మరో ప్రాపర్టీ మీద ఆధారపడినప్పుడు, లేదా యూజర్ ఎంపిక తర్వాతే తెలిసినప్పుడు కస్టమ్ యాక్షన్, అంటే ఇన్‌స్టాలర్ మామూలు పనులకు అదనంగా ప్యాకేజీ రాసేవారు చేర్చే పని, కావాలి. దీనికి మంచి ఉదాహరణ ఏఆర్‌పీఇన్‌స్టాల్‌లొకేషన్ అనే ప్రాపర్టీ. రిజిస్ట్రీలో అన్‌ఇన్‌స్టాల్ సమాచారం ఉండే చోట ఇన్‌స్టాల్‌లొకేషన్ అనే విలువ నింపేది ఇదే. కంప్యూటర్లలోని సాఫ్ట్‌వేర్ జాబితా తీసే సాధనాలు దీన్ని చదువుతాయి. ఇన్‌స్టాలర్ దీన్ని తనంతట తాను నింపదు. ఫోల్డర్ ఖరారయ్యాక, అంటే కాస్ట్‌ఫైనలైజ్ అనే యాక్షన్ తర్వాత, ఇన్‌స్టాల్‌ఫోల్డర్ విలువను దీనికి అందించే బాధ్యత ప్యాకేజీ రాసేవారిదే. ప్రతి ప్యాకేజీలోనూ ఈ ఒక్క వరుస ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

టైప్ 51 కస్టమ్ యాక్షన్ ఎలా రాయాలి?

ప్రాపర్టీకి విలువ ఇవ్వడానికే ప్రత్యేకించిన కస్టమ్ యాక్షన్ టైప్ 51. దీనికి డీఎల్ఎల్ అక్కరలేదు, స్క్రిప్ట్ అక్కరలేదు. విండోస్ ఎస్‌డీకేతో వచ్చే ఓర్కా ఎడిటర్‌లో కస్టమ్‌యాక్షన్ టేబుల్ తెరిస్తే నాలుగు ముఖ్యమైన కాలమ్‌లు కనిపిస్తాయి. యాక్షన్ కాలమ్‌లో మీరు పెట్టుకునే పేరు, టైప్ కాలమ్‌లో 51, సోర్స్ కాలమ్‌లో విలువ అందుకోవలసిన ప్రాపర్టీ పేరు (ఇక్కడ బ్రాకెట్లు ఉండకూడదు), టార్గెట్ కాలమ్‌లో ఇవ్వవలసిన విలువ రాయాలి. టార్గెట్‌లో స్క్వేర్ బ్రాకెట్లలో పెట్టిన ప్రాపర్టీ పేర్లు విప్పబడతాయి. బ్రాకెట్ లోపల శాతం గుర్తుతో మొదలుపెడితే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువ, హ్యాష్ గుర్తుతో మొదలుపెట్టి ఫైల్ టేబుల్‌లోని కీ రాస్తే ఆ ఫైలు పూర్తి పాత్ వస్తాయి. ఫైలు పాత్ మాత్రం కాస్టింగ్ (ఫోల్డర్లు, కావలసిన డిస్క్ స్థలం తేల్చే దశ) ముగిశాకే సరిగ్గా వస్తుంది.

ఈ వరుస రాసినంత మాత్రాన ఏమీ జరగదు. అదే యాక్షన్ పేరును సీక్వెన్స్ టేబుల్‌లో (యాక్షన్లు నడిచే క్రమం రాసివుండే టేబుల్) చేర్చి, దానికొక కండిషన్, ఒక వరుస సంఖ్య ఇవ్వాలి. ఒక సీక్వెన్స్ టేబుల్‌లో ఒక యాక్షన్ పేరు ఒక్కసారే రాగలదు కనుక, ‘ఇలా ఉంటే ఈ విలువ, లేకుంటే ఆ విలువ’ అనే తర్కానికి రెండు వేర్వేరు పేర్లతో రెండు యాక్షన్లు, ఒకదానికొకటి వ్యతిరేకమైన కండిషన్లు కావాలి. విక్స్‌లో సెట్‌ప్రాపర్టీ అనే ఎలిమెంట్ ఈ రెండు టేబుళ్ల పనినీ ఒకే చోట ముగిస్తుంది. ప్రాపర్టీని కావాలని ఖాళీ చేయవలసి వస్తే విలువగా లోపల ఏమీ లేని కర్లీ బ్రాకెట్ల జతను ({}) రాస్తారు. అది విప్పుకున్నాక ఖాళీ అవుతుంది.

ఏ సీక్వెన్స్‌లో పెట్టాలి?

ఈ ప్రశ్న దగ్గర కొంత నిదానించాలి, ఎందుకంటే మిగతా ప్రశ్నల్లో సగం దీని నుంచే పుడతాయి.

యూజర్ ఎంఎస్ఐ ఫైలును డబుల్ క్లిక్ చేసినప్పుడు ఇన్‌స్టలేషన్ రెండు దశల్లో నడుస్తుంది. మొదటిది ఇన్‌స్టాల్‌యూఐసీక్వెన్స్. ఇది యూజర్ ఖాతాలో నడిచే ప్రాసెస్‌లో జరుగుతుంది. డైలాగ్‌లు చూపేది, వివరాలు అడిగేది ఇక్కడే. ఇన్‌స్టాల్ బటన్ నొక్కగానే పని విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ చేతికి వెళుతుంది. అక్కడ ఇన్‌స్టాల్‌ఎగ్జిక్యూట్‌సీక్వెన్స్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. సర్వీస్ దగ్గర ప్రాపర్టీల జాబితా కొత్తది: టేబుల్‌లోని విలువలు, వాటి మీద యూజర్ వైపు నుంచి దాటివచ్చిన పబ్లిక్ ప్రాపర్టీలు, అంతే.

డైలాగ్‌లో చూపించడానికి కావలసిన విలువ అయితే యూఐ సీక్వెన్స్‌లో పెట్టాలి. ఇన్‌స్టలేషన్‌కు కావలసిన విలువ అయితే ఎగ్జిక్యూట్ సీక్వెన్స్‌లో తప్పక ఉండాలి. రెండింటికీ కావాలంటే రెండు టేబుళ్లలోనూ చేర్చాలి. కానీ అలా చేర్చినప్పుడు డైలాగ్‌లో యూజర్ మార్చిన విలువను రెండోసారి నడిచిన యాక్షన్ చెరిపేసే ప్రమాదం ఉంటుంది. అందుకు విరుగుడుగా టైప్‌కు 256 కలపాలి, అంటే 51కి బదులు 307 అవుతుంది. అప్పుడు యూఐ సీక్వెన్స్ నడిచి ఉంటే ఎగ్జిక్యూట్ సీక్వెన్స్‌లో ఆ యాక్షన్ నడవదు.

డబుల్ క్లిక్ చేస్తే బాగా పనిచేస్తోంది, సైలెంట్‌గా నడిపితే విలువ ఖాళీగా ఉంటోంది. ఎందుకు?

సైలెంట్ ఇన్‌స్టలేషన్‌లో, అంటే యూజర్‌ను ఏమీ అడగకుండా నడిపినప్పుడు, యూఐ సీక్వెన్స్ అసలు నడవదు. యూఐలెవెల్ ప్రాపర్టీ విలువ 2 (యూఐ లేనిది), 3 (బేసిక్) అయినప్పుడు నేరుగా ఎగ్జిక్యూట్ సీక్వెన్స్ మొదలవుతుంది. 4, 5 అయినప్పుడే డైలాగ్‌ల దశ ఉంటుంది.

నేను పనిలో చేరిన కొత్తల్లో ఒక సంస్థ కోసం తయారుచేసిన ప్యాకేజీలో సర్వర్ చిరునామాను నింపే యాక్షన్‌ను యూఐ సీక్వెన్స్‌లో మాత్రమే పెట్టాను. నా కంప్యూటర్లో పదిసార్లు డబుల్ క్లిక్ చేసి పరీక్షించాను, పదిసార్లూ బాగానే ఉంది. రాత్రిపూట ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ దాన్ని సైలెంట్‌గా పంపించారు. పొద్దున వచ్చి చూస్తే ప్రతి కంప్యూటర్లోనూ కాన్ఫిగ్ ఫైలులో సర్వర్ అన్న మాట, పక్కన ఈక్వల్ గుర్తు, ఆ తర్వాత ఏమీ లేదు. ఇన్‌స్టలేషన్ విజయవంతమైందని లాగ్ చెబుతోంది, అదీ నిజమే. ఆనాటి నుంచి ఏ ప్యాకేజీనైనా ముందు సైలెంట్‌గా నడిపి, ఆ తర్వాతే డైలాగ్‌లతో పరీక్షిస్తున్నాను. మీరూ అదే క్రమం పాటించమని కోరుతున్నాను.

డైలాగ్‌లో యూజర్ ఇచ్చిన విలువ ఎగ్జిక్యూట్ సీక్వెన్స్‌కు ఎందుకు చేరడం లేదు?

రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది, పేరులో ఎక్కడో స్మాల్ అక్షరం ఉండి అది ప్రైవేట్ ప్రాపర్టీ అయివుండవచ్చు. రెండోది, పేరు క్యాపిటల్ అక్షరాల్లోనే ఉన్నా అది సెక్యూర్‌కస్టమ్‌ప్రాపర్టీస్ జాబితాలో లేకపోవచ్చు. అడ్మినిస్ట్రేటర్ కాని యూజర్ పెంచిన అధికారాలతో ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు ఇన్‌స్టాలర్ ఈ జాబితాలోని ప్రాపర్టీలనే సర్వీస్ వైపుకు అనుమతిస్తుంది. విండోస్ విస్టాతో యూఏసీ (అధికారాలు పెంచే ముందు అనుమతి అడిగే ఏర్పాటు) వచ్చాక ఈ పరిస్థితి మామూలు కంప్యూటర్లలోనూ ఎదురవుతోంది. లాగ్‌లో ‘ఇగ్నోరింగ్ డిజ్అలౌడ్ ప్రాపర్టీ’ అని కనబడితే కారణం ఇదే. జాబితాలో పేర్లను సెమీకోలన్‌తో వేరుచేయాలి. విక్స్‌లో ప్రాపర్టీకి సెక్యూర్ అనే గుణం జోడిస్తే అదే చేరుస్తుంది. భద్రత కోసం పెట్టిన నియమం కనుక, దాటవలసిన ప్రాపర్టీలను మాత్రమే చేర్చండి, అన్నిటినీ కాదు.

కమాండ్ లైన్‌లో ఇచ్చిన విలువను నా కస్టమ్ యాక్షన్ చెరిపేస్తోంది. ఏం చేయాలి?

కమాండ్ లైన్ విలువ ట్రాన్స్‌ఫార్మ్ (ప్యాకేజీ టేబుళ్లను సవరించే విడి ఫైలు) విలువకంటే బలమైనది, ట్రాన్స్‌ఫార్మ్ విలువ ప్రాపర్టీ టేబుల్ విలువకంటే బలమైనది. ఇవన్నీ ఇన్‌స్టలేషన్ మొదలయ్యేటప్పుడే తేలిపోతాయి. టైప్ 51 ఆ తర్వాత నడుస్తుంది కనుక దేన్నైనా తుడిచేయగలదు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ప్రత్యేకంగా ఇచ్చిన విలువను మన డిఫాల్ట్ మింగేయడం ఆయన పట్ల మర్యాద కాదు. అందుచేత డిఫాల్ట్ ఇచ్చే ప్రతి యాక్షన్‌కూ ‘నాట్’ అని రాసి, పక్కన అదే ప్రాపర్టీ పేరును కండిషన్‌గా పెట్టండి. ప్రాపర్టీకి అప్పటికే విలువ ఉంటే యాక్షన్ నడవదు.

ఫోల్డర్‌కు విలువ ఇవ్వడానికి టైప్ 51 వాడాలా, టైప్ 35 వాడాలా?

డైరెక్టరీ టేబుల్‌లోని ఫోల్డర్లన్నీ కాస్ట్‌ఫైనలైజ్ యాక్షన్ దగ్గర ఖరారవుతాయి. సాధారణంగా దాని వరుస సంఖ్య 1000. అంతకుముందు ఫోల్డర్ ప్రాపర్టీకి విలువ ఇవ్వాలంటే టైప్ 51 సరిపోతుంది. ఆ తర్వాత మార్చాలంటే టైప్ 35 కావాలి, ఎందుకంటే అది ప్రాపర్టీ విలువతోపాటు దాని కింద ఉన్న ఫోల్డర్ల పాత్‌లను కూడా సరిచేస్తుంది. కాస్ట్‌ఫైనలైజ్ తర్వాత టైప్ 51 వాడితే ప్రాపర్టీలో కొత్త పాత్ కనిపిస్తుంది, ఫైళ్లు మాత్రం పాత చోటికే వెళతాయి.

ఇక్కడే మరో చిన్న విషయం దగ్గరగా చూడాలి. ఖరారైన ఫోల్డర్ విలువ చివర ఎప్పుడూ బ్యాక్‌స్లాష్ ఉంటుంది. పాత్‌లో ఖాళీ ఉంటుందని ఆ ఫోల్డర్‌ను డబుల్ కోట్‌ల మధ్య పెట్టి ఏదైనా ఈఎక్స్‌ఈకి ఆర్గ్యుమెంట్‌గా పంపితే, చివరి బ్యాక్‌స్లాష్, దాని వెంటనే వచ్చే కోట్ కలిసిపోతాయి. చాలా ప్రోగ్రాములు ఆ జంటను కోట్ ముగింపుగా కాక, విలువలో భాగమైన కోట్ గుర్తుగా చదువుతాయి. దాంతో తర్వాతి ఆర్గ్యుమెంట్లన్నీ పాత్‌లోనే కలిసిపోతాయి. మూసే కోట్‌కు ముందు ఒక చుక్క పెడితే ఈ ఇబ్బంది తీరుతుంది. పాత్ చివర చుక్క అంటే అదే ఫోల్డర్ అని అర్థం.

డిఫర్డ్ కస్టమ్ యాక్షన్‌లో ప్రాపర్టీలు ఎందుకు చదవలేకపోతున్నాను?

సిస్టమ్‌లో మార్పులు చేసే యాక్షన్లు డిఫర్డ్‌గా ఉండాలి, ఇన్‌స్టాల్‌ఇనిషియలైజ్ (1500), ఇన్‌స్టాల్‌ఫైనలైజ్ (6600) మధ్యనే రావాలి. వాటి వంతు వచ్చినప్పుడు ఇన్‌స్టాలర్ వెంటనే నడపదు. ఒక స్క్రిప్ట్‌లో రాసుకుని, తర్వాత ఆ స్క్రిప్ట్‌ను నడుపుతుంది. అప్పటికి సెషన్ అందుబాటులో ఉండదు. కస్టమ్‌యాక్షన్‌డేటా, ప్రొడక్ట్‌కోడ్, యూజర్‌ఎస్ఐడీ అనే మూడు తప్ప మరే ప్రాపర్టీ దొరకదు. కొత్త విలువ ఇవ్వడం కూడా సాధ్యం కాదు, టైప్ 51ను డిఫర్డ్‌గా పెట్టడమూ కుదరదు.

కావలసిన విలువలను ముందే మూటగట్టి పంపాలి. డిఫర్డ్ యాక్షన్ పేరు రైట్‌కాన్ఫిగ్ అనుకుందాం. దానికంటే ముందు వరుసలో ఒక టైప్ 51 యాక్షన్ పెట్టి, దాని సోర్స్ కాలమ్‌లో రైట్‌కాన్ఫిగ్ అని, అంటే డిఫర్డ్ యాక్షన్ పేరునే ప్రాపర్టీ పేరుగా రాయాలి. టార్గెట్‌లో కావలసిన విలువలు, వాటిని వేరుచేసే గుర్తుతో రాయాలి. రైట్‌కాన్ఫిగ్ నడిచే సమయానికి అదంతా కస్టమ్‌యాక్షన్‌డేటా అనే పేరుతో దానికి అందుతుంది. రెండు పేర్లూ అక్షరాల సైజుతో సహా ఒకటే కావాలి. రోల్‌బ్యాక్ యాక్షన్ (ఇన్‌స్టలేషన్ విఫలమైతే మార్పులను వెనక్కి తీసేది) కూడా ఉంటే దాని పేరుతో మరో టైప్ 51 విడిగా కావాలి. దీన్ని మరచిపోయినవారికి ఇన్‌స్టలేషన్ విఫలమైన రోజున గానీ ఆ సంగతి తెలియదు.

ఈఎక్స్‌ఈని నడిపే డిఫర్డ్ యాక్షన్‌కు ఈ ఏర్పాటు అక్కరలేదు. దాని టార్గెట్‌లోని ప్రాపర్టీలు స్క్రిప్ట్‌లో రాసుకునే సమయంలోనే విప్పుకుంటాయి.

పాస్‌వర్డ్ ఉన్న ప్రాపర్టీ లాగ్‌లో కనిపించకుండా ఎలా చేయాలి?

ఆ ప్రాపర్టీ పేరును ఎంఎస్ఐహిడెన్‌ప్రాపర్టీస్ జాబితాలో చేర్చాలి. పాస్‌వర్డ్‌ను డిఫర్డ్ యాక్షన్‌కు పంపుతున్నట్టయితే ఆ యాక్షన్ పేరు కూడా ఒక ప్రాపర్టీయే కనుక, దాన్ని కూడా అదే జాబితాలో చేర్చాలి. డిఫర్డ్ యాక్షన్ టైప్‌కు 8192 కలపాలి. ఈ మూడింటిలో ఏది వదిలినా పాస్‌వర్డ్ లాగ్‌లో బయటపడే దారి మిగిలే ఉంటుంది.

రిపేర్, అన్‌ఇన్‌స్టాల్ సమయంలో నా ప్రాపర్టీ విలువ ఎందుకు ఉండదు?

ఇన్‌స్టలేషన్ ముగియగానే ప్రాపర్టీలు పోతాయి. యూజర్ ఎంచుకున్న పోర్ట్ రిపేర్‌లో మళ్లీ కావాలంటే ఇన్‌స్టాల్ సమయంలో రిజిస్ట్రీలో రాసి, తర్వాత యాప్‌సెర్చ్ అనే యాక్షన్ ద్వారా చదవాలి. స్ట్రింగ్ రకంగానే రాయండి. డీవర్డ్ (సంఖ్య) రకంగా రాస్తే చదివినప్పుడు విలువ ముందు హ్యాష్ గుర్తు వస్తుంది, అది అలాగే కాన్ఫిగ్ ఫైలులోకి చేరుతుంది.

యాప్‌సెర్చ్‌కు రిజిస్ట్రీలో విలువ దొరికితే కమాండ్ లైన్ విలువను చెరిపేస్తుంది. కనుక యాప్‌సెర్చ్‌కు ముందు ఒక టైప్ 51తో కమాండ్ లైన్ విలువను వేరే ప్రాపర్టీలో దాచి, యాప్‌సెర్చ్ తర్వాత మరో టైప్ 51తో, దాచినది ఉంటేనే అన్న కండిషన్ మీద, వెనక్కి పెట్టాలి. యూఐ సీక్వెన్స్‌లో నడిచిన యాప్‌సెర్చ్‌ను ఇన్‌స్టాలర్ ఎగ్జిక్యూట్ సీక్వెన్స్‌లో మళ్లీ నడపదు కనుక, ఈ రెండు యాక్షన్లకూ పైన చెప్పిన 256 కలపడం మంచిది.

డీఎల్ఎల్, స్క్రిప్ట్, ఈఎక్స్‌ఈ: వీటిలో దేనితో ప్రాపర్టీకి విలువ ఇవ్వవచ్చు?

లెక్క కట్టవలసిన విలువ అయితే ఇమ్మీడియట్ (డిఫర్డ్ కాని, వంతు రాగానే నడిచే) డీఎల్ఎల్ యాక్షన్ నుంచి ఎంఎస్ఐసెట్‌ప్రాపర్టీ అనే ఫంక్షన్‌ను పిలవండి. ఈఎక్స్‌ఈకి ఇన్‌స్టలేషన్ సెషన్‌తో సంబంధం ఉండదు కనుక అది ప్రాపర్టీని మార్చలేదు. వీబీస్క్రిప్ట్‌తో సాధ్యమే, కానీ దాన్ని ఉపసంహరిస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ప్రకటించింది కనుక కొత్త ప్యాకేజీలో వాడవద్దు. టైప్ 51తో జరిగే పనికి వీటిలో ఏదీ వద్దు.

కండిషన్‌లో సాధారణంగా జరిగే పొరపాట్లు ఏవి?

కండిషన్‌లో ప్రాపర్టీ పేరుకు బ్రాకెట్లు ఉండకూడదు, టార్గెట్‌లో ఉండాలి. ఈ రెండూ తారుమారు కావడం నిత్యం చూస్తుంటాను. మరొకటి చెక్‌బాక్స్. టిక్ తీసేస్తే దాని ప్రాపర్టీ లేకుండా పోతుంది, సున్నా కాదు. కమాండ్ లైన్‌లో సున్నా ఇస్తే ‘విలువ ఉంది’ అనే లెక్క, కనుక డైలాగ్‌లో టిక్ పడే కనిపిస్తుంది. టిక్ వద్దంటే విలువను ఖాళీగా ఇవ్వాలి.

యూజర్ పేరు తెలుగు అక్షరాల్లో ఉంటే ఇబ్బంది ఉంటుందా?

తెలుగుకు విండోస్‌లో ఆన్సీ కోడ్‌పేజీ (యూనికోడ్‌కు ముందటి పద్ధతిలో అక్షరాల పట్టిక) లేదు. ఉన్నది యూనికోడ్ ఒక్కటే. యూజర్ ఫోల్డర్ పేరు తెలుగులో ఉన్న కంప్యూటర్లో మీ డీఎల్ఎల్ ఆన్సీ రకం ఫంక్షన్లతో ప్రాపర్టీ చదివితే, అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి, ఆ పాత్‌లో ఫైలు దొరకదు. పేరు చివర డబ్ల్యూ ఉన్న యూనికోడ్ ఫంక్షన్లనే వాడాలి. తెలుగు పేరుతో ఒక యూజర్ ఖాతా తెరిచి పరీక్షించడానికి పావుగంట కూడా పట్టదు, మన ప్రాంతపు యూజర్లకు ఆ పరీక్ష చేసిపెట్టడం మన బాధ్యత.

విలువ ఎక్కడ మారిందో లాగ్‌లో ఎలా కనిపెట్టాలి?

ఎంఎస్ఐఎగ్జెక్ కమాండ్‌కు స్లాష్ ఎల్ స్టార్ వీ అనే స్విచ్, లాగ్ ఫైలు పేరు ఇచ్చి నడపండి. లాగ్‌లో ‘ప్రాపర్టీ ఛేంజ్’ అన్న మాటలు వెతకండి. ప్రతి మార్పుకూ ఒక వరుస ఉంటుంది: యాడింగ్ అంటే కొత్తగా వచ్చింది, మాడిఫైయింగ్ అంటే పాత విలువ, కొత్త విలువ రెండూ చూపిస్తుంది, డిలీటింగ్ అంటే తొలగింది. ఆ వరుస మొదట్లో ఎంఎస్ఐ పక్కన బ్రాకెట్లలో సి అక్షరం ఉంటే అది యూజర్ వైపు జరిగింది, ఎస్ ఉంటే సర్వీస్ వైపు జరిగింది. యాక్షన్ పేరు పక్కన ‘స్కిప్పింగ్ యాక్షన్’ అని ఉంటే చూడవలసింది మీ కండిషన్‌ను. లాగ్ చివర ప్రాపర్టీల పూర్తి జాబితా ఇవే రెండు అక్షరాలతో విడివిడిగా వస్తుంది. సి జాబితాలో ఉండి ఎస్ జాబితాలో లేని ప్రాపర్టీ కనిపిస్తే, దాని పేరులోని అక్షరాలు, సెక్యూర్‌కస్టమ్‌ప్రాపర్టీస్ జాబితా ముందుగా చూడండి.